పాత గృహ కంప్యూటర్ చెడిపోయినప్పుడు: మరమ్మతా? అప్‌గ్రేడా?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మరమ్మతుకూ అప్‌గ్రేడ్‌కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• చాలాకాలం వాడకుండా ఉన్న కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.
• బయటికి కనిపించే లక్షణాలను బట్టి లోపం ఏ విభాగంలో ఉందో అంచనా వేయగలుగుతారు.
• మళ్లీ వెనక్కి తీసుకోగల మార్పులకూ, తీసుకోలేని మార్పులకూ తేడా చూపగలుగుతారు.
• యజమాని అవసరాన్ని బట్టి తగిన నిర్ణయాన్ని కారణాలతో సహా సూచించగలుగుతారు.

7.1 పరిచయం

గత భాగాల్లో మీరు కంప్యూటర్ నిర్మాణాన్ని విడివిడి విభాగాలుగా చదివారు: ప్రాసెసర్, మెమరీ, ఇన్‌పుట్, అవుట్‌పుట్, పవర్ సప్లై. ఈ విభాగాల పరిజ్ఞానం నిజ జీవితంలో ఎప్పుడు అక్కరకు వస్తుంది? యంత్రం చెడిపోయినప్పుడు. బాగా పనిచేస్తున్న కంప్యూటర్ లోపల ఏముందో ఎవరూ అడగరు. అది మొరాయించిన రోజునే ఆ ప్రశ్న పుడుతుంది.

ఈ భాగంలో ఒక ప్రత్యేకమైన పరిస్థితిని తీసుకుందాం. మీ మేనమామగారు ఒకప్పుడు ఉన్నత పాఠశాలలో గణితం చెప్పేవారనుకోండి. పాఠశాలలో వాడకం మానేసిన ఒక పాత కంప్యూటర్‌ను అటక మీద దాచి ఉంచారు. దానితోపాటు ఒక పెట్టెలో ఇరవై ఫ్లాపీ డిస్కులు ఉన్నాయి. వాటిలో ఆయన పిల్లలకోసం సొంతంగా రాసిన ప్రోగ్రాములు ఉన్నాయి. కంప్యూటర్ చదువుతున్నారు కాబట్టి ఆయన మిమ్మల్ని అడిగారు: "దీన్ని బాగు చేయించవచ్చా, లేక లోపలి సరంజామా తీసేసి కొత్తది పెట్టించాలా?"

మీరు ఏమని సమాధానం చెబుతారు? "పాతది కదా, పారేయండి" అనడం తేలిక. "కొత్త భాగాలు వేయిద్దాం" అనడం ఇంకా తేలిక. రెండూ పరిశీలన లేకుండా ఇచ్చే సమాధానాలే. సరైన సమాధానానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమాన్ని తెలుసుకోవడమే ఈ భాగం ఉద్దేశం.

7.2 ఉదాహరణగా తీసుకున్న యంత్రం: బి.బి.సి. మైక్రో

మన చర్చకు బి.బి.సి. మైక్రో అనే గృహ కంప్యూటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. బ్రిటన్‌లోని బి.బి.సి. సంస్థ ప్రజలకు కంప్యూటర్ అక్షరాస్యత కల్పించాలని ఒక కార్యక్రమాన్ని చేపట్టింది. ఆ కార్యక్రమం కోసం కేంబ్రిడ్జ్ నగరంలోని ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థ తయారు చేసిన యంత్రమిది. 1981 డిసెంబరులో విడుదలైంది. 'ఎ' నమూనాలో 16 కిలోబైట్లు, 'బి' నమూనాలో 32 కిలోబైట్లు ర్యామ్ ఉండేది. ప్రాసెసర్ 6502. దాని వేగం 2 మెగాహెర్ట్జ్. ఆపరేటింగ్ సిస్టమ్, బేసిక్ భాష రెండూ రామ్ చిప్‌లలోనే ఉండేవి. అందువల్ల స్విచ్ వేసిన మరుక్షణమే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టవచ్చు.

ఈ యంత్రానికి మన దేశంతో కూడా సంబంధం ఉంది. 1984-85లో భారత ప్రభుత్వం పాఠశాలల్లో 'క్లాస్' అనే కంప్యూటర్ అక్షరాస్యతా ప్రాజెక్టును ప్రారంభించింది. ఆ పాఠశాలలకు ఇచ్చినవి బి.బి.సి. మైక్రోలే. సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ వీటిని మన దేశంలో తయారు చేసింది కూడా. అంటే మనదేశంలో ఒక తరం విద్యార్థులూ ఉపాధ్యాయులూ మొదటిసారి కీబోర్డు మీద వేలు పెట్టింది ఈ యంత్రం మీదే.

దీన్ని ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఇందులోని ప్రతి విభాగం బోర్డు మీద విడిగా కనిపిస్తుంది. నేటి మొబైల్ ఫోన్‌లో ప్రాసెసర్, మెమరీ, చిత్ర విభాగం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ అలా కాదు. మీరు పుస్తకంలో గీసిన పటం ఎలా ఉంటుందో బోర్డు కూడా దాదాపు అలాగే ఉంటుంది. నేర్చుకునేవారికి ఇంతకంటె అనుకూలమైన యంత్రం అరుదు.

7.3 రెండు వేర్వేరు ప్రశ్నలు

మరమ్మతు అంటే చెడిపోయిన భాగాన్ని సరిచేసి యంత్రాన్ని పూర్వస్థితికి తేవడం. అప్‌గ్రేడ్ అంటే యంత్రానికి ఇంతకుముందు లేని సామర్థ్యాన్ని కలిగించడం. నిర్వచనాలు తెలిసినవే. అయినా ఆచరణలో ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు. దానికి కారణం, రెండు పనుల్లోనూ పెట్టె విప్పుతాము, రెండింటిలోనూ కొత్త భాగాలు వేస్తాము.

కాని ఈ రెండు పనులూ రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. మరమ్మతు "ఏది చెడింది?" అనే ప్రశ్నకు సమాధానం. ఆ ప్రశ్న యంత్రానికి సంబంధించినది. కొలిచి, పరీక్షించి తేల్చవచ్చు. అప్‌గ్రేడ్ "నాకు ఏమి కావాలి?" అనే ప్రశ్నకు సమాధానం. ఆ ప్రశ్న యజమానికి సంబంధించినది. మల్టీమీటరుతో తేలేది కాదు.

ఈ రెండు ప్రశ్నలను ఒకేసారి అడిగితే ఏమవుతుంది? తెరమీద బొమ్మ రాని యంత్రానికి మీరు కొత్త మెమరీ బోర్డు అమర్చారనుకోండి. అప్పటికీ బొమ్మ రాలేదు. ఇప్పుడు లోపం పాత భాగంలో ఉందా, కొత్త బోర్డులో ఉందా, లేక రెండూ ఒకదానికొకటి సరిపడక వచ్చిందా? ఒక తెలియని విషయం ఉన్నచోట రెండు తెలియని విషయాలు వచ్చి చేరాయి. గణితంలో ఒకే సమీకరణంతో రెండు అవ్యక్తరాశులను కనుక్కోలేమని మీకు తెలుసు. ఇక్కడా అంతే.

అందువల్ల మొదటి సూత్రం ఇది: లోపమున్న యంత్రాన్ని అప్‌గ్రేడ్ చేయరాదు. ముందు పూర్వస్థితికి తెచ్చి, అది నిలకడగా పనిచేస్తోందని నిర్ధారించుకున్న తరువాతే కొత్త సామర్థ్యం గురించి ఆలోచించాలి.

7.4 ప్లగ్ పెట్టడానికి ముందు

అటకమీదినుంచి దింపిన యంత్రాన్ని చూడగానే ఎవరికైనా "ఒకసారి స్విచ్ వేసి చూద్దాం" అనిపిస్తుంది. ఆ కోరికను కాసేపు ఆపుకోవాలి. కారణం పవర్ సప్లైలో ఉంది.

బి.బి.సి. మైక్రో పవర్ సప్లైలో కరెంటు లోపలికి వచ్చే చోట వడపోత కెపాసిటర్లు ఉంటాయి. ఇవి యంత్రం నుంచి పుట్టే విద్యుత్ అలజడి ఇంటి లైన్లలోకి పోకుండా ఆపుతాయి. ఆ రోజుల్లో వాడిన రకంలో లోహపు పూత ఉన్న కాగితాన్ని చుట్టి, దానిపై గట్టి రెసిన్ పోసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రెసిన్‌కు సన్నని పగుళ్లు వస్తాయి. పగుళ్ల గుండా గాలిలోని తేమ కాగితంలోకి చేరుతుంది. తీరప్రాంతపు ఉక్కలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అటువంటి కెపాసిటర్‌కు కరెంటు తగిలితే కొన్ని నిమిషాల్లోనే వేడెక్కి, పగిలి, ఘాటైన పొగ చిమ్ముతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పొగ వచ్చిన తరువాత కూడా యంత్రం చాలాసార్లు మామూలుగానే పనిచేస్తుంది. ఎందుకంటే ఆ కెపాసిటర్ల పని వడపోత మాత్రమే, కంప్యూటర్‌ను నడపడం కాదు. పొగ చూసి "కాలిపోయింది, ఇక పనికిరాదు" అని యంత్రాన్ని పారేసేవారున్నారు. నిజానికి అక్కడ మార్చవలసినవి కొద్ది పదుల రూపాయలకు దొరికే భాగాలు. మార్చేటప్పుడు అదే విలువ ఉన్న, మెయిన్స్‌కు నేరుగా కలపడానికి తగిన 'ఎక్స్2' తరగతి ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్లనే వాడాలి. విలువ సరిపోయింది కదా అని మామూలు కెపాసిటర్ వేయరాదు.

భద్రత విషయంలో ఒక మాట. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. పవర్ సప్లై లోపల అది డి.సి.గా మారినప్పుడు దాదాపు 325 వోల్టులవుతుంది. ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఆ విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. మెయిన్స్ పరికరాలను విప్పిన అనుభవం లేకపోతే పవర్ సప్లై పెట్టెను మీరు తెరవవద్దు. టీవీలు బాగుచేసే అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు ఇవ్వండి. ఆయన మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బోర్డు వాడతారు. పరికరంలో షార్ట్ ఉంటే సిరీస్‌లో ఉన్న బల్బు ప్రకాశవంతంగా వెలిగి, ఎక్కువ కరెంటు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఇంకా అవసరమయ్యే పని ఇది.

పవర్ సప్లైని బోర్డు నుంచి వేరు చేసేటప్పుడు ముందుగా ఒక ఫోటో తీసుకోండి. ఈ యంత్రంలో పవర్ సప్లై తీగలు విడివిడి బిళ్లలుగా బోర్డు మీదికి ఎక్కుతాయి. వాటిని తారుమారు చేస్తే, అప్పటిదాకా బాగున్న చిప్‌లు కూడా ఒక్క క్షణంలో పోతాయి.

7.5 లోపాన్ని గుర్తించడం

పవర్ సప్లై సరిగా ఉందని తేలిన తరువాత యంత్రం ఇచ్చే సూచనలను చదవాలి. మొదట కొలవవలసింది 5 వోల్టుల సరఫరా. ఈ కాలపు చిప్‌లకు అది 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. 4.6 ఉంటే యంత్రం ఒకసారి పనిచేసి, ఒకసారి ఆగిపోతూ ఉంటుంది. అప్పుడు మెమరీని అనుమానించి చిప్‌లు మారుస్తూ పోవడం వృథా శ్రమ.

ఆ తరువాత చెవులు, కళ్లు వాడాలి. బి.బి.సి. మైక్రో స్విచ్ వేయగానే ముందు ఒక మంద్రమైన ధ్వని, వెంటనే 'బీప్' అనే ధ్వని వినిపిస్తాయి. దీని వెనుక ఒక కారణముంది. కరెంటు రాగానే ధ్వని చిప్ తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది. ప్రాసెసర్ మేల్కొని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను చదివి, ఆ ధ్వనిని ఆపి, తాను సిద్ధమని బీప్ కొడుతుంది. ఇది తెలిస్తే కింది నిర్ధారణలు వాటంతట అవే వస్తాయి.

(అ) ఏ ధ్వనీ లేదు, దీపాలూ వెలగలేదు: లోపం పవర్ సప్లైలో గాని, దాని తీగల్లో గాని ఉండే అవకాశం ఎక్కువ.

(ఆ) మంద్రధ్వని ఆగకుండా మోగుతూనే ఉంది: విద్యుత్తు అందుతోంది, కాని ప్రాసెసర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపడం లేదు. ప్రాసెసర్, రామ్ చిప్, క్లాక్, రీసెట్ విభాగాలను పరీక్షించాలి.

(ఇ) రెండు ధ్వనులూ వచ్చాయి, తెరమీద బొమ్మ లేదు: కంప్యూటర్ బతికే ఉంది. లోపం చిత్ర విభాగంలోనో, కేబుల్‌లోనో, మానిటర్‌లోనో ఉంది.

(ఈ) తెరమీద 'బి.బి.సి. కంప్యూటర్ 32కె' అని రావలసినచోట '16కె' అని వచ్చింది: యంత్రం 'బి' నమూనా అయితే, అది సగం మెమరీని మాత్రమే గుర్తించింది.

(ఉ) 'లాంగ్వేజ్?' అనే ప్రశ్న కనిపించింది: ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది, బేసిక్ భాష ఉన్న రామ్ చిప్ దానికి కనిపించడం లేదు.

చివరి సందర్భంలో చిప్ చెడిపోయిందని వెంటనే అనుకోరాదు. రామ్ చిప్‌లు సాకెట్లలో కూర్చుని ఉంటాయి. నలభై ఏళ్లలో వాటి కాళ్లమీద మకిలి పట్టి స్పర్శ తెగిపోవడం సర్వసాధారణం. కరెంటు తీసి, చిప్‌ను రెండు వైపులా సమానంగా, నెమ్మదిగా పైకి లేపి, కాళ్లను శుభ్రపరచి, అదే దిశలో తిరిగి కూర్చోబెడితే సరిపోవచ్చు. చిప్ మీద ఉన్న గాడి ఏ వైపు ఉందో ముందే గుర్తుపెట్టుకోవాలి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తీరే లోపాలు ఇలాంటివే.

ఇంతవరకు చేసినదాంట్లో ఒక క్రమం ఉందని గమనించారా? ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్న పరీక్ష తరువాత. విప్పనవసరం లేనిది ముందు, సోల్డరింగ్ కావలసినది చివర. ఒకసారికి ఒకే మార్పు. ప్రతి మార్పునూ, దాని ఫలితాన్నీ నోటుపుస్తకంలో రాసుకోవాలి.

7.6 మరమ్మతుకు ఉన్న హద్దులు

అన్ని భాగాలనూ యథాతథంగా మార్చగలమా? లేము. భాగాలను మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటి తరగతి, నేటికీ మార్కెట్‌లో దొరికే సాధారణ భాగాలు: కెపాసిటర్లు, రెసిస్టర్లు, సాధారణ లాజిక్ చిప్‌లు. వీటి విషయంలో మరమ్మతు గురించి సందేహించనవసరం లేదు.

రెండో తరగతి, కొద్ది తేడాతో దొరికేవి. 6502 ప్రాసెసర్ కుటుంబానికి చెందిన చిప్‌లు నేటికీ తయారవుతున్నాయి. కాని కొత్త రకంలో మొదటి కాలు చేసే పని వేరు. పాత చిప్‌లో అది భూమికి, అంటే సున్నా వోల్టుకు కలిసి ఉంటుంది. కొత్తదానిలో అది సంకేతాన్ని బయటికి పంపే కాలు. నేరుగా పాత సాకెట్‌లో గుచ్చితే కొత్త చిప్ దెబ్బతినవచ్చు. "అదే నంబరు కదా" అనుకోవడం చాలదు, సమాచార పత్రం చదవాలి.

మూడో తరగతి, ఆ యంత్రం కోసమే తయారు చేయించినవి. బి.బి.సి. మైక్రోలో చిత్రాన్ని తయారుచేసే వీడియో యు.ఎల్.ఎ. చిప్ అటువంటిది. దీన్ని ఫెరాంటి సంస్థ తయారు చేసింది. ఇది బాగా వేడెక్కే చిప్ కాబట్టి దీనిమీద వేడిని వెదజల్లే లోహపు రెక్కలు అమర్చేవారు. ఇప్పుడు కొత్తవి తయారుకావడం లేదు. చెడిపోతే రెండే దారులు: వేరొక పాత యంత్రం నుంచి తీసినది సంపాదించడం, లేదా దాని స్థానంలో కూర్చునేలా ఈ కాలపు అభిమానులు రూపొందించిన చిన్న బోర్డు వాడడం. అటువంటి బోర్డు ఒకటి 4096 రంగుల నుంచి ఎంచుకునే వీలు కూడా కల్పిస్తుంది. అసలు యంత్రానికి ఉన్నవి ఎనిమిది మూల రంగులే.

ఇక్కడ మరమ్మతు, అప్‌గ్రేడ్ రెండూ ఒకటైపోయాయి. ఇది 7.3లో చెప్పిన సూత్రానికి విరుద్ధమా? కాదు. ముందు "ఏది చెడింది?" అనే ప్రశ్నకు సమాధానం దొరికింది. ఆ భాగం యథాతథంగా దొరకదని తేలింది. అప్పుడే ప్రత్యామ్నాయానికి వెళ్లాము. ప్రశ్నల క్రమం మారలేదు.

7.7 అప్‌గ్రేడ్‌లో రెండు రకాలు

యంత్రం బాగుపడింది. ఇప్పుడు రెండో ప్రశ్న అడగవచ్చు: నాకు ఏమి కావాలి? అప్‌గ్రేడ్‌లన్నీ ఒకే రకమైనవి కావు.

మొదటి రకం, యంత్రం తనంతట తానే తెరిచి ఉంచిన ద్వారాల గుండా వచ్చేవి. బి.బి.సి. మైక్రో రూపకర్తలు భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని అనేక కనెక్టర్లను ఏర్పాటు చేశారు. బోర్డుమీద అదనపు రామ్ చిప్‌లకు, డిస్క్ కంట్రోలర్‌కు ఖాళీ స్థానాలు వదిలారు. 'ట్యూబ్' అనే కనెక్టర్ ద్వారా రెండో ప్రాసెసర్‌ను కలపవచ్చు. ఈ ద్వారం చరిత్రలో గొప్ప పాత్ర వహించింది. ఏకార్న్ సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ ప్రాసెసర్ 1985 ఏప్రిల్ 26న మొదటిసారి పనిచేసింది. దాన్ని పరీక్షించింది బి.బి.సి. మైక్రోకు రెండో ప్రాసెసర్‌గా కలిపే. ఈ రోజు మీ చేతిలోని మొబైల్ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్ దాదాపుగా ఆ వంశానికి చెందినదే.

నేటి అభిమానులు అదే ట్యూబ్ కనెక్టర్‌కు రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను కలుపుతున్నారు. ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో యు.ఎస్.బి. పెన్‌డ్రైవ్‌ను వాడే పరికరాన్ని అమరుస్తున్నారు. ఈ యంత్రం వెలువరించే ఆర్.జి.బి. సంకేతాన్ని నేటి మానిటర్‌కు సరిపడేలా మార్చే కన్వర్టర్లు వాడుతున్నారు. నేటి మానిటర్లలో చాలావరకు ఆనాటి 15.6 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని స్వీకరించవు కాబట్టి ఇది తప్పనిసరి కూడా. వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది: కనెక్టర్ పీకితే యంత్రం మునుపటిలాగే ఉంటుంది.

రెండో రకం, యంత్రాన్ని కోసి చేసేవి. పెట్టెకు రంధ్రం చేయడం, బోర్డుమీది దారులను తెంచడం, అన్నిటికంటె మించి లోపలి బోర్డును తీసి పారేసి ఖాళీ పెట్టెలో కొత్త కంప్యూటర్‌ను బిగించడం. బయటికి పాత రూపమే కనిపిస్తుంది, లోపల ఉన్నది వేరే యంత్రం. పాత గోడలు మాత్రం ఉంచి లోపల ఇల్లంతా కొత్తగా కట్టినట్లు. అలా చేయడం నేరం కాదు. కాని దాన్ని అప్‌గ్రేడ్ అనడం కన్నా పాత యంత్రానికి ముగింపు అనడం న్యాయం. ఒకసారి చేస్తే వెనక్కి రాలేము. పాత బోర్డు ఒక్కొక్కటి పోయినప్పుడల్లా మిగిలినవాటి మరమ్మతుకు పనికివచ్చే భాగాలూ తగ్గిపోతాయి.

రెండో సూత్రం ఇదే: వెనక్కి తీసుకోగల మార్పునే ఎంచుకోవాలి. తీసిన ప్రతి భాగాన్నీ పేరు రాసిన కవరులో పెట్టి యంత్రంతోపాటే భద్రపరచాలి.

7.8 యంత్రం కన్నా ముందు సమాచారం

మేనమామగారి ఇరవై డిస్కులను మరచిపోలేదు కదా? యంత్రం విషయంలో ఆలస్యం చేయవచ్చు. డిస్కుల విషయంలో చేయరాదు. ప్రాసెసర్ చెడిపోతే మరొక ప్రాసెసర్ దొరుకుతుంది. ఆయన రాసిన ప్రోగ్రాము ఆ డిస్కు మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

దీని తీవ్రతను చాటే ఉదాహరణ బ్రిటన్‌లోనే ఉంది. 1086లో ఇంగ్లండ్ రాజు ఆదేశంపై రాసిన డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా, 1986లో బి.బి.సి. డూమ్స్‌డే ప్రాజెక్టును వెలువరించింది. పది లక్షల మందికి పైగా ప్రజలు, వారిలో ఎక్కువమంది బడిపిల్లలు, తమ ఊరి విశేషాలు రాసి పంపారు. ఆ సమాచారాన్ని ప్రత్యేకమైన లేజర్ డిస్కులపై నిక్షిప్తం చేశారు. వాటిని చదవడానికి బి.బి.సి. మైక్రో తరువాతి తరమైన బి.బి.సి. మాస్టర్, దానికి తగిన డిస్క్ ప్లేయర్ కావాలి. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ ప్లేయర్లు దొరకడం గగనమైంది. పనిగట్టుకుని పరిశోధకులు ఆ పాత వ్యవస్థను అనుకరించే సాఫ్ట్‌వేర్ రాయవలసి వచ్చింది. తొమ్మిది శతాబ్దాల నాటి చర్మపత్రం మాత్రం ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది.

కనుక డిస్కులతో పని ఇలా చేయండి. ముందుగా డిస్కు అంచున ఉన్న గాడిపై కాగితపు పట్టీ అంటించండి. 5.25 అంగుళాల డిస్కుకు ఆ గాడి మూస్తే దానిమీద ఏదీ పొరపాటున రాయబడదు. ఉపరితలం మీద బూజు కనిపిస్తే డ్రైవ్‌లో పెట్టవద్దు. డిస్కూ చెడుతుంది, డ్రైవ్ చదివే తల కూడా మకిలిపడి తరువాతి డిస్కును చెడగొడుతుంది. మంచి డిస్కులను ముందు చదివించి, ప్రతిదానికీ 'డిస్క్ ఇమేజ్' తయారు చేయండి. డిస్కుమీది సమాచారమంతా ఒకే ఫైలుగా నేటి కంప్యూటర్‌లోకి చేరడమే డిస్క్ ఇమేజ్. పాత ఫ్లాపీ డ్రైవ్‌ను యు.ఎస్.బి. ద్వారా నేటి కంప్యూటర్‌కు కలిపే చిన్న బోర్డులు ఇందుకు దొరుకుతున్నాయి. అంటే డిస్కులను కాపాడడానికి పాత కంప్యూటర్ బాగుపడేదాకా ఆగనవసరం లేదు.

డిస్క్ ఇమేజ్ చేతికి వచ్చాక మూడో దారి కూడా తెరుచుకుంటుంది. అదే ఎమ్యులేటర్. పాత యంత్రం ప్రవర్తనను నేటి కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్ ఇది. జెఎస్‌బీబ్ వంటి ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మేనమామగారి ప్రోగ్రాము ఆయన మనవరాలి ల్యాప్‌టాప్‌లో ఈ సాయంత్రమే నడవవచ్చు.

7.9 ఒకే లోపం, మూడు నిర్ణయాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. యంత్రం పవర్ సప్లై చెడింది, బేసిక్ రామ్ సాకెట్‌లో స్పర్శ లేదు అనుకుందాం. యజమానులు ముగ్గురైతే నిర్ణయాలు ఎలా ఉంటాయి?

మొదటి యజమాని మేనమామగారు. ఆయనకు కావలసింది తాను రాసిన ప్రోగ్రాములు. అందుచేత ముందు డిస్క్ ఇమేజ్‌లు, తరువాత ఎమ్యులేటర్. యంత్రం మరమ్మతు ఆయన తీరికను బట్టి, ఇష్టాన్ని బట్టి. అప్‌గ్రేడ్ అవసరమే లేదు.

రెండో యజమాని ఒక కళాశాల కంప్యూటర్ విభాగం. యంత్రాన్ని ప్రదర్శనకు పెట్టి, విద్యార్థులకు లోపలి విభాగాలు చూపాలన్నది వారి ఉద్దేశం. ఇక్కడ మరమ్మతే సరైనది, అదీ వీలైనంతవరకు అసలు రూపం చెడకుండా. మార్చిన కెపాసిటర్లను పారేయకుండా కవరులో పెట్టి, తేదీతో సహా వివరాలు రాసి ఉంచాలి. ప్రదర్శనలో యంత్రం రోజంతా నడవనవసరం లేదు. వారానికొకసారి నడిపితే చాలు.

మూడో యజమాని మీవంటి విద్యార్థి. 6502 అసెంబ్లీ భాష నేర్చుకోవాలని, దానితో ప్రయోగాలు చేయాలని కోరిక. మరమ్మతు పూర్తయ్యాక పెన్‌డ్రైవ్ పరికరం, మానిటర్ కన్వర్టర్ అమర్చుకోవడం సమంజసం. బలహీనపడుతున్న ఫ్లాపీ డ్రైవ్‌పై భారం తగ్గుతుంది, రోజూ వాడుకోవడానికి వీలవుతుంది.

యంత్రం ఒకటే, లోపం ఒకటే. అయినా నిర్ణయాలు మూడు. మూడింటిలోనూ మారనివి రెండు: డిస్కుల్లోని సమాచారాన్ని ముందు కాపాడడం, లోపాన్ని నిర్ధారించిన తరువాతే చేయి పెట్టడం.

చివరగా ఖర్చు మాట. "ఈ డబ్బుతో కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది కదా" అని ఇంట్లోవారు అనవచ్చు. పనితీరును కొలిస్తే వారి మాట నిజమే. ఏ అప్‌గ్రేడూ ఈ యంత్రాన్ని నేటి ల్యాప్‌టాప్‌కు సాటి చేయలేదు. కాబట్టి వేగం కోసం దీనిమీద ఖర్చు పెట్టడం ఎప్పుడూ తెలివైన పని కాదు. సమాచారం కోసమో, చదువు కోసమో, జ్ఞాపకం కోసమో ఖర్చు పెడుతున్నామని ముందే స్పష్టంగా ఒప్పుకుంటే, ఎంతవరకు పెట్టాలో కూడా తేలుతుంది. ఆ పరిమితిని కాగితంమీద రాసుకుని పని మొదలుపెట్టండి.

7.10 సారాంశం

మరమ్మతు యంత్రం అడిగే ప్రశ్నకు, అప్‌గ్రేడ్ యజమాని అడిగే ప్రశ్నకు సమాధానాలు. లోపమున్న యంత్రాన్ని అప్‌గ్రేడ్ చేస్తే లోపం మరుగున పడుతుంది, తీరదు. చాలాకాలం వాడని యంత్రానికి కరెంటు ఇచ్చే ముందు పవర్ సప్లైని పరీక్షించాలి. యంత్రం చేసే ధ్వనులు, చూపే అక్షరాలు లోపమున్న విభాగాన్ని సూచిస్తాయి. దొరకని భాగాల విషయంలో మాత్రమే ప్రత్యామ్నాయాలకు వెళ్లాలి. అప్‌గ్రేడ్‌లలో వెనక్కి తీసుకోగలిగేవాటినే ఎంచుకోవాలి. అన్నిటికంటె ముందు డిస్కులపై ఉన్న సమాచారానికి నకలు తీయాలి.

7.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఈ కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. పొగ వచ్చిన తరువాత కూడా బి.బి.సి. మైక్రో పనిచేయడానికి కారణం ఏమిటి?
2. స్విచ్ వేసినప్పుడు మంద్రధ్వని ఆగకుండా మోగితే ఏ విభాగాలను పరీక్షించాలి? ఎందుకు?
3. కొత్త రకం 6502 చిప్‌ను పాత సాకెట్‌లో నేరుగా ఎందుకు పెట్టరాదు?
4. డిస్క్ ఇమేజ్ అంటే ఏమిటి?

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. లోపమున్న యంత్రాన్ని అప్‌గ్రేడ్ చేయరాదనడానికి కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. వెనక్కి తీసుకోగల మార్పులకు, తీసుకోలేని మార్పులకు గల తేడాను చర్చించండి.
3. మీ ఇంట్లో గాని, మీ ఊళ్లో గాని వాడకుండా పడి ఉన్న ఒక పాత పరికరాన్ని ఎంచుకోండి. అది కంప్యూటరే కానవసరం లేదు. రేడియో, టేప్ రికార్డర్, కుట్టుమిషన్ ఏదైనా కావచ్చు. దాని యజమానికి ఏమి కావాలో అడిగి తెలుసుకోండి. మరమ్మతు, అప్‌గ్రేడ్, యథాతథంగా ఉంచడం అనే మూడింటిలో మీరు దేన్ని సూచిస్తారో, ఎందుకో ఒక పేజీలో రాయండి.